తల్లి చెట్టును చూసి కాయ ఏరుకో

అమ్మలూ,

నువ్వు ఫొటో పంపిన విత్తనాల ప్యాకెట్లు చూశాను. అందులో ఆ నీలం పూల అడీనియం (ఎడారి గులాబీ అంటారే, అది) ప్యాకెట్ పక్కన పడెయ్యి. నీలం అడీనియం అనేది లోకంలో లేదు, ఆ బొమ్మకి కంప్యూటర్లో రంగేశారు. నేనూ ఓసారి డబ్బులు పోసి తెప్పించాను. పదింట్లో మూడు మొలిచాయి, ఆ మూడూ అందరిళ్ళలో ఉండే గులాబీ రంగే పూశాయి. మీ అత్తయ్య ఇప్పటికీ వాటిని "మీ మావయ్య నీలాలు" అంటుంది.

విత్తనం కొనే ముందు మన వైజాగ్ ఊరంతా తిరుగు. యూనివర్సిటీ వైపు, పాత వాల్తేరు రోడ్లమ్మట, గుళ్ళ ఆవరణల్లో ఎన్ని చెట్లున్నాయో! ఉప్పుగాలికి ఆకు మాడకుండా నిలబడిందా, ఏ నెలలో పూసింది, ఎంత వెడల్పున కొమ్మలు చాచింది, ఇవన్నీ కళ్ళతో చూసి ఆ చెట్టు కిందే కాయ ఏరుకో. ప్యాకెట్ మీది బొమ్మ ఇవేవీ చెప్పదు. బెంగళూరులో ఊదా పూల జకరండా చెట్టు చూసి మురిసిపోయావట, మీ అమ్మ చెప్పింది. దాని గింజ సులువుగానే మొలుస్తుంది. కానీ చల్లటి ఊళ్ళలో పూసినట్టు మన ఉక్కపోతలో విరగబూస్తుందని ఆశ పెట్టుకోకు.

గట్టి గింజల సంగతి ముందు చెప్తాను, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. తురాయి (గుల్‌మొహర్) మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టు. దాని గింజ పైపెంకు నీటిని లోపలికి రానివ్వదు. ఊరికే మట్టిలో పెడితే నెలల తరబడి రాయిలా పడుంటుంది. నీళ్ళు మరిగించి, పొయ్యి మీంచి దింపి, రెండు మూడు నిమిషాలు ఆగి అందులో గింజలు వేసి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున్న చూస్తే కొన్ని రెట్టింపు లావు ఉబ్బి, పైపొర జిగురుగా మెత్తబడి ఉంటాయి. అవి వెంటనే విత్తుకో. ఉబ్బనివాటిని నెయిల్ కట్టర్‌తో ఓ అంచున కాస్త గిల్లి మళ్ళీ నానబెట్టు. గింజ కాయకి అంటుకుని ఉన్న కొన వైపు మాత్రం ముట్టుకోకు, వేరు వచ్చేది అటునుంచే. పసుపు పూల గుత్తులు వేలాడే రేల మన చెట్టే అయినా దానికీ ఇదే వైద్యం.

సంపెంగ దీనికి పూర్తిగా ఉల్టా. గింజ ఎండిందంటే చచ్చిందే. గింజ మీది ఎర్రటి పొర కడిగేసి ఆ వారంలోనే మట్టిలో పెట్టాలి. అయినా పువ్వు మీదే నీ ధ్యాస అయితే అంటు మొక్క కొనుక్కో, రెండు మూడేళ్ళలో పూస్తుంది. గింజ మొక్క పూసేసరికి మీ బాబు కాలేజీకి వస్తాడు.

నీ మధురవాడ ఫ్లాట్ బాల్కనీకి అసలైనది అడీనియమే. కొమ్మ నాటితే రాని ఆ బొద్దు మొదలు గింజ మొక్కకి తనంతట తనే వస్తుంది. పూల రంగు మాత్రం తల్లిదే వస్తుందని లేదు, అదో లాటరీ. కాయలు జంటగా, గేదె కొమ్ముల్లా ఉంటాయి. ఆకుపచ్చ పోయి గోధుమ రంగుకి తిరుగుతుంటే దారంతో రెండు మూడు చోట్ల కట్టెయ్యి. లేకపోతే నువ్వు ఆఫీసు నుంచి వచ్చేసరికి పగిలి, రెండు కొనలా దూది కుచ్చులున్న గింజలు పక్కింటి బాల్కనీకి ఎగిరిపోతాయి. కుచ్చులు తీసేసి, గింజని పడుకోబెట్టి, పైన పలచగా ఇసుక చల్లితే చాలు. తాజా గింజ వారంలోపే తల ఎత్తుతుంది.

మట్టికి ఎర్రమట్టి, ముతక ఇసుక, కొబ్బరి పొట్టు సమపాళ్ళు. ఎర్రమట్టి అంటే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర తవ్వుకు రమ్మని కాదు, అక్కడ పిడికెడు కూడా ముట్టకూడదు. నర్సరీలో బస్తా దొరుకుతుంది. బీచ్ ఇసుక వద్దు, ఉప్పు. కొబ్బరి పొట్టులోనూ ఉప్పుంటుంది, రెండు మూడు నీళ్ళు మార్చి కడుగు.

మొలకలు వచ్చాక ఆరాటం కొద్దీ పూటకోసారి నీళ్ళు పోయకు. మట్టి దగ్గర కాడ దారంలా సన్నబడి రాత్రికి రాత్రి వాలిపోతుంది. నారుకుళ్ళు అది, వచ్చాక మందులేదనుకో. పొద్దున్న ఒక్కసారి, పైమట్టి ఆరితేనే నీళ్ళు పొయ్యి, గాలి ఆడే చోట పెట్టు.

ఇక ఆనందపురం స్థలంలో వేద్దామనుకుంటున్న తురాయి. మొలక పెంచే పాల ప్యాకెట్‌లో దాన్ని ఎక్కువ కాలం ఉంచొద్దు. నేను చేసిన తప్పు అదే. స్థలం చదును కాలేదని మా మొక్కని ఏడాది పైగా కుండీలోనే పెంచి, తర్వాత ప్రహరీ పక్కన నాటాను. ఏపుగానే పెరిగింది, నాలుగు వేసవులు పూసింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. తెల్లారి చూస్తే చెట్టు గోడమీద. వేళ్ళ దగ్గర కూర్చుని మట్టి దులిపి చూశాను. బయటికి పాకాల్సినవి, కుండీ ఎంత గుండ్రంగా ఉండేదో అంత గుండ్రంగా తాడు చుట్టలా మెలిపడి ఉన్నాయి. తల్లివేరు లోపలికి దిగనే లేదు. ఆ గాలికి మంచి వేళ్ళున్న చెట్లూ కూలాయి, ఒప్పుకుంటాను. కానీ మాది నిలబడే అవకాశం కుండీలోనే పోయింది. అందుకని ఎనిమిది, పది ఆకులు రాగానే నేలలో పెట్టు, గోడకి ముప్పై అడుగులు ఎడం ఉంచి. తొలకరికి నాటితే అక్టోబర్ తుఫాన్ల నాటికి కాస్త కాలు ఊనుకుంటుంది. బాల్కనీలో పిట్టగోడ మీది కుండీలు మాత్రం దసరాకల్లా కిందకి దించెయ్యి.

ఇంకొకటి, అడీనియం పాలు విషం. కత్తిరించాక చేతులు కడుక్కో. బాబు అన్నీ నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి పచ్చగన్నేరు మాత్రం ఇంట్లోకి తేనే వద్దు. అందంగానే ఉంటుంది, కానీ దాని గింజ ప్రాణాలు తీస్తుంది.

మా మేడ మీద ముదురు ఎరుపు అడీనియంకి మొన్న దారం కట్టాను. ఆదివారానికి కాయ విచ్చేలా ఉంది. వచ్చేటప్పుడు ఖాళీ పాల ప్యాకెట్లు ఓ పాతిక కడిగి, అడుగున చిల్లులు పెట్టి తెచ్చుకో. భోజనం ఇక్కడే.

మీ మావయ్య
సీతమ్మధార