గ్యాస్ ఫీజు ముందే కట్టమంటే కట్టకండి

చేర్యాల శైలిలో మీరు వేసిన బొమ్మలు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ఒకాయన ఒక్కోటి 2 ఈథర్లకు (ఈథీరియం నెట్‌వర్క్‌లో నడిచే క్రిప్టో డబ్బు) ఎన్‌ఎఫ్‌టీగా, అంటే బొమ్మ ఎవరిదో ఆన్‌లైన్‌లో నమోదు చేసే డిజిటల్ పత్రంగా, కొంటానన్నాడని, ముందు తాను చెప్పిన సైట్‌లో 18 వేలు గ్యాస్ ఫీజు కట్టమంటున్నాడని రాశారు కదండీ. కట్టకండి. అది మోసమే.

గ్యాస్ అంటే లావాదేవీ జరిగే క్షణంలో, మన క్రిప్టో ఉండే వాలెట్‌లోంచి ఈథీరియం నెట్‌వర్క్‌కు పోయే ఖర్చు. ఎవరి సైట్‌లోనో డిపాజిట్ చేసేది కాదు. పైగా అమ్ముడుపోయినప్పుడే మింట్ అయి (అంటే ఎన్‌ఎఫ్‌టీగా నమోదై), ఆ ఖర్చు కొనేవాడే భరించే పద్ధతి కూడా ఉంది. నిజంగా కొనేవాడైతే పేరున్న మార్కెట్‌లో మీరు పెట్టిన ధరకు కొనుక్కుంటాడు, కూకట్‌పల్లిలో ఉన్న మిమ్మల్ని రాత్రి 11 గంటలకు తొందరపెట్టడు.

వాలెట్ ఇప్పటికే ఆ సైట్‌కు కలిపారా? ఈథీరియం లావాదేవీలు చూపించే ఈథర్‌స్కాన్ వెబ్‌సైట్‌లో టోకెన్ అప్రూవల్స్ పేజీకి వెళ్లి, మీ వాలెట్ నుంచి తీసుకోవడానికి ఇచ్చిన అనుమతులు రద్దు చేయండి. వాలెట్‌ను తిరిగి తెరిచే రికవరీ పదాలు కూడా చెప్పేసి ఉంటే రద్దుతో లాభం లేదు. కొత్త వాలెట్ తెరిచి ఉన్నదంతా అందులోకి మార్చేయాలి. డబ్బు పంపి ఉంటే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మిగతావి తర్వాత.

2021లో బీపుల్ అనే డిజిటల్ చిత్రకారుడి ఎన్‌ఎఫ్‌టీ బొమ్మ క్రిస్టీస్ సంస్థ వేలంలో 6.9 కోట్ల డాలర్లు పలికిందని వాడు చెప్పింది మాత్రం నిజమే. ఆ ఊపులోనే మాదాపూర్‌లో టీ తాగుతూ నేనొక కోతి బొమ్మ ఎన్‌ఎఫ్‌టీ కొన్నాను. ఇప్పుడు ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాళ్లు లేరు.