డిష్‌వాషర్‌పై మీ ప్రశ్నలు: తెల్లపొర, అడుగున నీళ్ళు, ఆగని వాసన

డిష్‌వాషర్ గురించి ఈమధ్య చాలా ఉత్తరాలొస్తున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో పనివాళ్ళు రాక ఎంతోమంది కొన్నారు కదా, ఆ మెషిన్లకి ఇప్పుడు వయసొచ్చింది, ఒక్కోటీ ఒక్కో పేచీ పెడుతోంది. అన్నీ చదివాక నాకనిపించింది ఏంటంటే, సగానికి పైగా ఉత్తరాల్లో మెషిన్‌ది ఏ తప్పూ లేదు, ఇంటికొచ్చే నీళ్ళదే తకరారు. అందుకే మొదటి జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్, బోరు నీళ్ళే, ఎండాకాలం ట్యాంకర్. గాజు గ్లాసులు, స్టీలు గిన్నెలు అన్నీ తెల్లగా పొర కట్టి వస్తున్నాయి. డిటర్జెంట్ టాబ్లెట్లు బ్రాండ్ మార్చి చూశా, లాభం లేదు. సర్వీస్ అబ్బాయి హీటర్ మార్చాలి అంటున్నాడు. మార్పించమంటారా?

ఇప్పుడే వద్దమ్మా, ముందు ఒక పని చేయండి. పొర కట్టిన గ్లాసు ఒకటి తీసుకుని దాని మీద నిమ్మరసం నాలుగు చుక్కలేసి వేలితో రుద్దండి. అక్కడ మాత్రం పొర పోయి గాజు మెరిసిందంటే అది గార, అంటే నీళ్ళలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం. మీ బాత్రూమ్ కుళాయి మీద, గీజర్ లోపల పేరుకునేది కూడా ఇదే. మామూలు నీళ్ళతో తుడిచినా పోయి, నాలిక్కి ఉప్పగా తగిలితే మాత్రం మెషిన్ అడుగున ఉండే సాల్ట్ డబ్బా మూత సరిగ్గా బిగించలేదని అర్థం. నిమ్మరసానికీ పోకుండా గాజే మసకబారినట్టుంటే అది అరుగుదల, ఇక బాగవదు, అలాంటి గ్లాసులు చేత్తో కడుక్కోవడమే.

మీరు చెప్పినదాన్ని బట్టి మీది గారే అయ్యుంటుంది. ఇండియాలో అమ్మే మెషిన్లలో ఎక్కువవాటికి అడుగున, ఫిల్టర్ పక్కన ఒక మూత ఉంటుంది, అదే సాల్ట్ వేసే చోటు. ఆ ఉప్పు గిన్నెలకి తగలదు. లోపల రెజిన్ అని సన్నటి పూసలుంటాయి, నీళ్ళు వాటి మీదుగా వెళ్తుంటే కాల్షియంని అవి పట్టేసుకుని సోడియం వదులుతాయి, కొన్నాళ్ళకి పూసలు నిండిపోతాయి కాబట్టి మెషినే ఉప్పునీళ్ళతో వాటిని కడిగి ఆ మురికిని డ్రెయిన్‌లోకి పంపేస్తుంది. మరి ఉప్పే లేకపోతే పూసలు నిండిపోయి ఊరికే కూర్చుంటాయి, బోరు నీళ్ళు ఉన్నవి ఉన్నట్టు గిన్నెల మీదకి వస్తాయి. అలాంటప్పుడు మీరు ఏ కంపెనీ టాబ్లెట్ వేసినా ఒకటే.

ఇంట్లో వాడే అయోడిన్ ఉప్పు మాత్రం పోయకండి, దాంట్లో ముద్ద కట్టకుండా వేరే పొడులు కలుపుతారు, సన్నగా ఉండి లోపల అడ్డుపడుతుంది. డిష్‌వాషర్ సాల్ట్ అని పెద్ద పలుకులతో అమ్ముతారు, అదే వాడండి. మొదటిసారైతే ఆ డబ్బా నిండా ముందు నీళ్ళు పోయాలి, తర్వాత ఉప్పు. పోసేటప్పుడు చుట్టుపక్కల ఒలుకుతుంది కాబట్టి వెంటనే ఒక ప్రోగ్రామ్ నడిపించండి, ఉప్పునీళ్ళు అలా వదిలేస్తే లోపలి స్టీలు కూడా తుప్పు పడుతుంది. ఇంకొకటి, పొరపాటున కూడా ఆ డబ్బాలో డిటర్జెంట్ పౌడర్ పోయొద్దు, ఆ పూసలుండే సాఫ్ట్‌నర్ మొత్తం పోతుంది, అది మార్చడం ఖరీదైన పని.

ఉప్పు పోస్తే అయిపోలేదు, సెట్టింగ్ కూడా మార్చాలి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. నీళ్ళు ఎంత హార్డో, అంటే వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో, మెషిన్‌కి మనమే చెప్పాలి, మాన్యువల్‌లో ఏ బటన్ నొక్కి పట్టుకోవాలో ఉంటుంది. ఎంత హార్డో తెలియాలంటే హార్డ్‌నెస్ స్ట్రిప్స్ దొరుకుతాయి, నీళ్ళలో ముంచితే రంగు మారుతుంది, డబ్బా మీద రంగుతో పోల్చుకోవడమే. ఆర్ఓ వాళ్ళు తెచ్చే టీడీఎస్ మీటర్ అంకె దీనికి పనికిరాదు, అది నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి చెబుతుంది, మనకి కావాల్సింది కాల్షియం, మెగ్నీషియం లెక్క మాత్రమే. తాగునీళ్ళకి బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, చెప్పిన హార్డ్‌నెస్ హద్దు లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు, మన బోర్లలో 200 దాటడం మామూలే. మాన్యువల్‌లో జర్మన్ డిగ్రీలని రాసుంటే కంగారుపడకండి, ఒక డిగ్రీ అంటే దాదాపు 18 మిల్లీగ్రాములు, మీ అంకెని 18తో భాగించుకుంటే చాలు. ట్యాంకర్ వచ్చే నెలల్లో స్ట్రిప్ మళ్ళీ ముంచి చూడండి, నీళ్ళు మారితే సెట్టింగూ మారాలి.

ఇదంతా చేశాక రిన్స్ ఎయిడ్ (గిన్నెల మీద నీళ్ళు నిలవకుండా జారిపోయేలా చేసే ద్రవం) నింపి, ఖాళీ మెషిన్‌ని డీస్కేలర్ (గార వదిలించే మందు) వేసి ఎక్కువ వేడి ప్రోగ్రామ్‌లో ఒకసారి తిప్పండి. అప్పటికీ గిన్నెలు చల్లగా, జిడ్డుగా వస్తుంటే అప్పుడు హీటర్ మాట ఆలోచిద్దాం. తెల్లపొర చూసి హీటర్ మార్చాలనడం నాకు నచ్చలేదు, నిజంగా పాడైతే మార్చాల్సిందే గానీ ముందు నీళ్ళు వేడెక్కుతున్నాయో లేదో చూసి చూపించమనండి. ప్రోగ్రామ్ మధ్యలో ఆపి జాగ్రత్తగా తలుపు తీస్తే వేడి ఆవిరి కొట్టాలి.

ప్రశ్న: విశాఖలో ఐదంతస్తుల బిల్డింగ్‌లో పైఫ్లోర్ మాది. మెషిన్ మొదలై రెండు మూడు నిమిషాలకే ఆగిపోయి కుళాయి గుర్తు లైటు వెలుగుతోంది. కింద ఫ్లోర్‌లో మా అక్కావాళ్ళింట్లో అదే మోడల్ చక్కగా పనిచేస్తోంది.

మీ ప్రశ్నలోనే జవాబుందండీ. పైఫ్లోర్ కాబట్టి ట్యాంకు మీ నెత్తిమీదే ఉంది, ప్రెషర్ రాదు. చాలా మెషిన్లకి కనీసం అర బార్ కావాలి, అంటే ట్యాంకులో నీళ్ళు మీ కుళాయి కంటే సుమారు ఐదు మీటర్ల ఎత్తున ఉండాలి. కుళాయి దగ్గర ఇన్‌లెట్ పైపు విప్పి బకెట్ పెట్టి పూర్తిగా తిప్పండి, నిమిషానికి పది లీటర్లు రావాలి. రాకపోతే చిన్న ప్రెషర్ పంపు పెట్టించడమే దారి. పైపు విప్పారు కాబట్టి దాని చివర చిన్న జాలీ ఉంటుంది, అదీ చూడండి, బోరు ఇసుక, ట్యాంకు నాచు అక్కడ చేరి నీళ్ళు ఆపేస్తాయి. పాత బ్రష్‌తో కడిగితే చాలు. ముందు జాలీ, తర్వాతే పంపు ఖర్చు.

ప్రశ్న: తలుపు తీస్తే కుళ్ళు వాసన, అడుగున నీళ్ళు నిలుస్తున్నాయి, కడిగిన గ్లాసుల్లో ఆవగింజలు కనిపిస్తున్నాయి. విజయవాడ.

ఆఖరిసారి ఫిల్టర్ ఎప్పుడు తీశారో గుర్తుందా? మన వంటకి వారానికోసారైనా తీయాలి. కింది బుట్ట బయటికి లాగండి, మధ్యలో గొట్టం లాంటిది తిప్పి పైకెత్తితే వస్తుంది, దాని కింద పళ్ళెం లాంటి జాలీ ఉంటుంది, అదీ తీయాలి. కుళాయి కింద పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. కరివేపాకు ఈనెలు, ములక్కాడ పీచు, చింతపండు పీచు, అన్నం మెతుకులు, ఇవన్నీ నెయ్యి జిడ్డుతో కలిసి జాలీకి అతుక్కుపోయి ఉంటాయి, వాసన అక్కడిదే. తలుపు కింది అంచు రబ్బరు మడతల్లో కూడా చెయ్యి పెట్టి తుడవండి, అక్కడికి నీళ్ళు కొట్టవు కాబట్టి జిడ్డంతా అక్కడే దాక్కుంటుంది.

తర్వాత నీళ్ళు చిమ్మే రెక్కలు. పైదీ కిందదీ రెండూ ఊడతాయి, దీపానికి ఎదురుగా పట్టుకుని రంధ్రాలు చూడండి, ఆవగింజ ఇరుక్కుంటే కనిపిస్తుంది, టూత్‌పిక్‌తో తీసేయండి. ఊపితే లోపల గలగలమంటే ఇంకా ఉన్నాయని, కుళాయి కింద పెట్టి కుదపండి.

నీళ్ళు నిలవడం సంగతి. ఫిల్టర్ తీశాక ఆ గుంటలో కొంచెం నీళ్ళుంటే అది మామూలే. పళ్ళెం జాలీ పైదాకా నిలిస్తే మాత్రం అడ్డు ఉంది. కరెంటు ప్లగ్ తీసేసి, నీళ్ళు తోడి, గుంటలో డ్రెయిన్ పంపు మీద చిన్న మూత ఉంటే తీసి చూడండి, నిమ్మగింజో, పగిలిన గాజు ముక్కో ఇరుక్కుని ఉంటుంది. గాజు ఉండొచ్చు కాబట్టి వట్టి చేత్తో వెతకొద్దు. అక్కడేం లేకపోతే వెనకాల డ్రెయిన్ పైపు నలిగిందేమో, సింకు కింద కలిసే చోట పూడిందేమో చూడాలి.

గిన్నెలు ముందే సింకులో తోమి పెట్టక్కర్లేదు, డిటర్జెంట్‌లో ఎంజైములు ఉంటాయి, అవే మరకల మీద పనిచేస్తాయి. మెతుకులు, ఆకులు, ఎముకలు మాత్రం చెత్తబుట్టలోకి దులిపి పెట్టండి, అంతే.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. సింకు కింద గార్బేజ్ డిస్పోజల్ (తిండి చెత్తని నూరే మెషిన్) కొత్తది పెట్టించాం, ఆ రోజు నుంచే డిష్‌వాషర్ నీళ్ళు బయటికి పోవట్లేదు.

డిస్పోజల్ పక్కన డిష్‌వాషర్ పైపు తగిలించే చోట లోపల ఒక ప్లాస్టిక్ బిళ్ళ అడ్డంగా ఉంటుంది, పైపు పెట్టేముందు దాన్ని కొట్టి తీసేయాలి. పెట్టినవాళ్ళు మర్చిపోయుంటారు. కరెంటు ఆపి, పైపు విప్పి, స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టండి, ఊడి లోపల పడిన బిళ్ళని పటకారుతో బయటికి తీసేయండి. అన్నట్టు అమెరికాలో మెషిన్‌కి ఎక్కువగా వేడినీళ్ళ లైనే ఇస్తారు కాబట్టి, స్టార్ట్ చేసేముందు సింకులో వేడి కుళాయి కాసేపు వదలండి, లేదంటే మొదటి నీళ్ళు చల్లగానే వెళ్తాయి.

ప్రశ్న: అల్యూమినియం కుక్కర్ పెడితే నల్లగా అయిపోయింది. అత్తగారు బాధపడుతున్నారు. నంద్యాల.

డిటర్జెంట్‌లో క్షారానికి అల్యూమినియం అలా నల్లబడుతుంది, కుక్కర్‌లో చింతపండు నీళ్ళు మరిగించి రుద్దితే చాలావరకు తెల్లబడుతుంది, అత్తయ్యగారికి చెప్పండి. ఇక మీదట అల్యూమినియం, ఇనుప పెనం, పూజ ఇత్తడి, రాగి చెంబులు, చెక్క గరిటెలు లోపల పెట్టొద్దు. స్టీలు కుక్కర్ పెట్టొచ్చు, గ్యాస్కెట్, వెయిట్ తీసి విడిగా కడగండి, బయటికి తీశాక ఆవిరి గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో తప్పకుండా చూసుకోండి.

ప్రశ్న: తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు పసుపుపచ్చగా తయారై, తడి కూడా ఆరట్లేదు.

పసుపు రంగు ప్లాస్టిక్‌కి పట్టేస్తుంది, డబ్బాలని ఒకట్రెండు రోజులు ఎండలో పెట్టండి, వెలిసిపోతుంది. పప్పు, సాంబారు పోసుకునే డబ్బాలు స్టీలువి వాడుకుంటే గొడవుండదు. తడి విషయానికొస్తే, స్టీలు వేడి పట్టుకుని నీళ్ళని ఆరబెడుతుంది, ప్లాస్టిక్ తొందరగా చల్లారిపోతుంది. ప్రోగ్రామ్ అయ్యాక తలుపు కాస్త తీసి ఉంచండి, పై బుట్ట కంటే ముందు కింది బుట్ట ఖాళీ చేయండి, లేకపోతే పై నీళ్ళన్నీ కిందికి కారతాయి.

ప్రశ్న: మెషిన్ నడుస్తుండగా తలుపు పట్టుకుంటే సన్నగా షాక్ కొడుతోంది. చెప్పులేసుకుంటే ఏం లేదు. వాడొచ్చా? ఖమ్మం.

వాడొద్దమ్మా, ఈ ఉత్తరం చూసి నాకు భయమేసింది. చెప్పులేసుకుంటే తెలియట్లేదంతే, కరెంటు మాత్రం బాడీలోకి వస్తూనే ఉంది. ఇంట్లో ఎర్తింగ్ లేకపోవడమో, హీటర్ లోపల లీకవడమో, రెండూనో అయ్యుంటాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ 16 ఆంప్స్ ప్లగ్‌లో ఎర్త్ నిజంగా పనిచేస్తోందో లేదో మీటర్ పెట్టి చూడమనండి, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించండి. రెండు వేల వాట్ల పైన లాగే మెషిన్ ఇది, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడుపుతుంటే అదీ మానేయండి. ఎర్త్ బాగుందని తేలాక కూడా ఆర్‌సీసీబీ పడిపోతుంటే హీటర్ చెక్ చేయించాలి. అప్పటిదాకా ప్లగ్ తీసేసి, పిల్లలు మళ్ళీ పెట్టకుండా పైన టేపు అంటించండి.