మందు నకిలీది కాదు, పురుగు మారింది

ప్రశ్న: ఎకరంన్నర మిర్చి వేశాను. పూతలో నల్ల తామర పురుగు విపరీతంగా ఉంది. మూడు వారాల్లో లామ్డా సైహలోత్రిన్, తర్వాత బైఫెంత్రిన్, ఆ తర్వాత ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందు కొట్టాను. తగ్గలేదు. ఇవన్నీ నకిలీ మందులేనా? షాపులో డోసు రెట్టింపు చేయమంటున్నారు. ఇంకో మాట, కొట్టిన రోజు రాత్రి మొహం మండి నిద్ర పట్టడం లేదు. మిర్చి ఘాటు పడటం లేదేమో.
– ఒక మిర్చి రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: మిర్చి ఘాటూ కాదు, నకిలీ మందూ కాదు. మందులో సరుకు ఉందనడానికి మీ మొహం మంటే సాక్ష్యం. పురుగు మీద పనిచేయని మందు మీ చర్మంలోని నరాల మీద పనిచేసింది.

నరాన్ని చెరువు కట్టలా అనుకోండి. దాని పొరకు బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. పొరలో ఒక పంపు ఆగకుండా తిరుగుతూ మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. సంకేతం రాగానే సోడియం తూము దాదాపు సెకనులో వెయ్యో వంతు కాలం తెరుచుకుంటుంది, సోడియం లోపలికి దూకుతుంది, తూము మూసుకుంటుంది. నరం మీద వార్త ఇలా ఒక తూము నుంచి పక్క తూముకు అందుకుంటూ పోతుంది. మీరు కొట్టిన లామ్డా సైహలోత్రిన్, బైఫెంత్రిన్, సైపర్‌మెత్రిన్ మూడూ సింథటిక్ పైరిథ్రాయిడ్లనే ఒకే జాతి మందులు. అవి ఆ తూము తలుపు కింద రాయి పెడతాయి. తలుపు పడదు, నరం ఆగకుండా కొట్టుకుంటుంది, పురుగు వణికి పడిపోతుంది.

ఆ తూము ఆకారం కొంచెం మారిన పురుగులు కొన్ని ముందు నుంచే ఉంటాయి. వాటిలో రాయి ఇరుక్కోదు. మీరు కొట్టిన కొద్దీ మిగిలేవి, పిల్లలు పెట్టేవి అవే. ఇది కొత్త సంగతేమీ కాదు. ఇదే తూము మీద పనిచేసే డి.డి.టి.కి ఇంటి ఈగలు లొంగకపోవడం 1940ల చివర్లోనే గమనించారు. మీ పొలంలోనూ ఇదే జరిగిందని నా అనుమానం. పైగా ఈ పురుగు పువ్వు లోపల దాక్కుంటుంది, మందు సరిగా తగలదు.

షాపులో మూడు పేర్లు మార్చి ఇచ్చారు, ప్రొఫెనోఫాస్ తప్ప మిగతా వాటి తూము మాత్రం ఒకటే! డబ్బా మీద కంపెనీ పేరు కాదు, రసాయనం పేరు చదవండి. చివర 'త్రిన్' అని ఉంటే దాదాపు అన్నీ ఒక గూటి పక్షులే. ఫెన్వలరేట్ పేరులో ఆ తోక లేకపోయినా అదీ ఆ జాతే. డోసు రెట్టింపు చేస్తే నల్లిని తినే మిత్ర పురుగులు చచ్చి, ఆకుల రసం పీల్చే ఆ నల్లి పెరుగుతుంది. ఆ సలహా ఇచ్చినవాళ్లు మీ పొలానికి వచ్చి చూడలేదు కదా.

ఇక చేయాల్సింది. 'త్రిన్' మందులు ఈ పంటకు పూర్తిగా ఆపండి. ఎకరాకు 25 నుంచి 30 నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి. ఎకరాకు 200 లీటర్ల నీటి లెక్కన, స్పైనెటోరామ్ 11.7 ఎస్.సి. లీటరుకు 1 మి.లీ. కలిపి సాయంత్రం పువ్వులు తడిసేలా కొట్టండి. నరం నుంచి నరానికి వార్త మోసే రసాయనం ఎసిటైల్‌కోలిన్; దాన్ని అందుకునే గ్రాహకం మీద ఇది పనిచేస్తుంది. 8, 10 రోజుల తర్వాత తెల్ల కాగితం మీద పువ్వులు దులిపి చూడండి. పురుగు రాలితేనే ఫిప్రోనిల్ 5 ఎస్.సి. లీటరుకు 2 మి.లీ. ఇది క్లోరైడ్ తూమును బిగిస్తుంది. అప్పటికీ ఉంటే సయాంట్రానిలిప్రోల్ 10.26 ఓ.డి. లీటరుకు 1.2 మి.లీ. ఇది కండరాల్లోని కాల్షియం నిల్వను కారిపోయేలా చేస్తుంది. మూడూ మూడు చోట్ల. ఒకదాన్ని వెంట వెంటనే రెండుసార్లు వాడొద్దు, ఒకే ట్యాంకులో కలపొద్దు. తేనెటీగలు తిరిగే పొద్దున పూట అసలే వద్దు. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో లేబుల్ మీద ఉంటుంది, చూసుకోండి.

ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. మీరు కొట్టిన మందులకు నల్లి వచ్చే ఉంటుంది. కింది ముడత కనిపిస్తే స్పైరోమెసిఫెన్ 22.9 ఎస్.సి. లీటరుకు 1 మి.లీ.

మొహం సంగతి: కొట్టగానే సబ్బుతో, చల్లటి నీళ్లతో బాగా కడగండి, వేడి నీళ్లు వద్దు. తర్వాత విటమిన్ ఇ క్రీము రాస్తే మంట తగ్గుతుంది. మామూలుగా ఒక రోజులో పోతుంది. ప్రొఫెనోఫాస్ కథ వేరు. అది ఎసిటైల్‌కోలిన్‌ను పని అయ్యాక చెరిపేసే ఎంజైమునే కట్టేస్తుంది, పురుగులోనూ మనిషిలోనూ. చొంగ కారడం, కంటిపాపలు చిన్నవవడం, వాంతులు, ఆయాసం వస్తే మజ్జిగ తాగుతూ ఇంట్లో కూర్చోకండి. డబ్బా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.