‘నిండితే’కీ ‘నిండాక’కీ తేడా ఎంత?

సందేహం: మాది చెన్నై, పెరంబూరు. ఈమధ్య పోయిన మా తాతగారు వీలునామా తెలుగులోనే రాశారు. అందులో ఒకచోట “నా భార్య యావజ్జీవం ఇంటిని అనుభవించి, ఆమె తదనంతరం నా మనవడికి సర్వహక్కులతో చెందవలసినది” అనీ, ఇంకోచోట “నా మనవరాలికి ఇరవై ఒక్క ఏళ్లు నిండితే బ్యాంకులోని సొమ్ము చెందవలసినది” అనీ ఉంది. నాకిప్పుడు పంతొమ్మిది. ‘నిండితే’ అన్నారు కాబట్టి నాకింకా హక్కు రాలేదనీ, ‘నిండాక’ అని ఉంటే వచ్చేదనీ అన్నయ్య అంటున్నాడు. నానమ్మ ఉండగానే తనకి మాత్రం ఇంటి మీద హక్కు వచ్చేసిందట! ఒక్క మాటతో ఇంత తేడా వస్తుందా? టెన్షన్‌గా ఉంది.

సమాధానం: తాతగారి తెలుగును ఇంత శ్రద్ధగా చదివే మనవరాలు చెన్నైలో ఉన్నందుకు ముందు సంతోషం. మీ అన్నయ్య తన ఇంటి గురించి చెప్పింది నిజమే. మీ సొమ్ము గురించి చెప్పిన కారణం మాత్రం నిలవదు.

‘నిండితే’ చేదర్థకం, అంటే ‘ఇలా జరిగితే’ అని చెప్పే ‘-తే’ రూపం. చేదర్థకం అనగానే అనుమానం అనుకోకూడదు. “తెల్లారితే పెళ్లి” అంటాం. తెల్లారుతుందో లేదో అన్న సందేహంతోనా? “ఉగాది వస్తే వాడికి పదేళ్లు నిండుతాయి” అన్నా అంతే. కాబట్టి ‘-తే’ని చూసి షరతు అనీ, ‘-ఆక’ని చూసి కాలం అనీ తేల్చేయలేం.

చట్టం కూడా ఈ తేడాను పట్టించుకోదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 120వ సెక్షన్ ఉదాహరణల్లో ‘పద్దెనిమిదేళ్లు నిండిన పక్షంలో’ అని రాసినా, ‘నిండినప్పుడు’ అని రాసినా ఒకటే ఫలితం: ఆ వయసు వచ్చేదాకా హక్కు షరతు మీదే ఉంటుంది. 119వ సెక్షన్ ఉదాహరణలో మాత్రం సొమ్ము ఇచ్చేశారు, ‘పద్దెనిమిది నిండాక చెల్లించాలి’ అన్నారు. అక్కడ వీలునామా రాసినవారు పోగానే హక్కు దఖలు పడుతుంది, చెల్లింపు ఒక్కటే వాయిదా. అంటే చూడాల్సింది ప్రత్యయాన్ని కాదు, అది ఏ క్రియను పట్టుకుని ఉందో దాన్ని. “ఇరవై ఒకటి నిండితే చెందవలసినది” అంటే చెందడమే వయసు మీద ఆధారపడింది. “మనవరాలికి ఇచ్చాను, నిండాక చెల్లించవలెను” అంటే చెల్లింపు ఒక్కటే ఆగింది. మీ వాక్యంలో ‘నిండాక’ అని మార్చి చదివినా మీకు ఒరిగేదేమీ లేదు.

ఇక ఇల్లు. నానమ్మగారు నూరేళ్లు ఉండాలి. కానీ మరణం ఎప్పుడన్నది తెలియకపోయినా జరగక మానదు కాబట్టి చట్టం దాన్ని షరతుగా లెక్కపెట్టదు. వీలునామాలో దీనికి విరుద్ధంగా ఏమీ లేకపోతే, తాతగారు పోయిననాడే మనవడికి హక్కు వచ్చింది. అనుభవం మాత్రం ఆమె తర్వాత. ఆమెకన్నా ముందే అతనికి ఏమైనా అయినా ఆ హక్కు అతని వారసులకు పోతుంది. ఆ వాక్యంలో వ్యాకరణం కొంచెం కుంటింది. ‘అనుభవించి’ క్త్వార్థకం, అంటే ఒక పని ముగించి మరో పని అని చెప్పే రూపం; రెండు పనులూ ఒకే కర్త చేయాలి. ఇక్కడ అనుభవించేది భార్య, చెందేది ఇల్లు. ‘అనుభవించిన పిమ్మట’ అనాల్సింది. అయినా నష్టం లేదు. రాసినవారి ఉద్దేశం తెలిస్తే చాలు, పారిభాషిక పదాలు అక్కర్లేదని 74వ సెక్షనే చెబుతోంది.

మీరు వీలునామా మొత్తం మళ్లీ చదవండి. ఆ సొమ్ము మీద వడ్డీని ఈలోగా మీకే పూర్తిగా ఇమ్మని గానీ, మీ చదువుకో పోషణకో వాడమని గానీ ఎక్కడైనా రాశారేమో వెతకండి. అలాంటి వాక్యం ఉంటే, 120వ సెక్షన్‌లోని మినహాయింపు ప్రకారం, ‘నిండితే’ అని ఉన్నా ఆ సొమ్ము షరతు మీద ఇచ్చినట్టు కాదు. ఆ పేజీతో వకీలును కలవండి.