ఆల్ఫా కప్పా డెల్టా నుంచి పిలుపొస్తే చేరాలా?

డాలస్ నుంచి ఒక నాన్నగారు రాశారు. వాళ్ల అమ్మాయి అక్కడే సోషియాలజీ డిగ్రీ మూడో సంవత్సరంలో ఉంది. ఆల్ఫా కప్పా డెల్టా అనే ఆనర్ సొసైటీలో, అంటే సోషియాలజీలో మంచి మార్కులొచ్చే విద్యార్థుల సంఘంలో చేరమని, ఫీజు కట్టమని డిపార్ట్‌మెంట్ నుంచి మెయిల్ వచ్చిందట. ఇది మోసమా, నిజమే అయితే దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని ఆయన టెన్షన్.

మోసం కాదండీ, ధైర్యంగా కట్టేయండి. 1920లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో ఎమరీ బొగార్డస్ అనే ప్రొఫెసర్ మొదలుపెట్టిన సంస్థ ఇది. వేరే జాతివాళ్లను ఇరుగుపొరుగుగా, పెళ్లి బంధువులుగా మనం ఎంతవరకు ఒప్పుకుంటామో కొలిచే స్కేలు తయారుచేసింది ఆయనే, మీ అమ్మాయిని అడగండి, క్లాసులో చదివే ఉంటుంది. మీ అనుమానంలో తప్పేమీ లేదు, ఎందుకంటే ముక్కూమొహం తెలియని సొసైటీలు కూడా పిల్లలకు ఇలాంటి మెయిళ్లే పంపి డబ్బులడుగుతాయి. అసలైన సొసైటీలను గుర్తించే అసోసియేషన్ ఆఫ్ కాలేజ్ ఆనర్ సొసైటీస్ జాబితాలో పేరుందా, కాలేజీలో చాప్టర్‌ను, అంటే అక్కడి శాఖను చూసుకునే ప్రొఫెసర్ ఎవరు, ఈ రెండూ కనుక్కుంటే చాలు.

ఇక ఉద్యోగం. ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో ఇలాంటి సభ్యత్వం ఉంటే జీఎస్-5 అనే జీతం గ్రేడు బదులు దానికి పైనున్న జీఎస్-7 గ్రేడులో మొదలవ్వచ్చని మీకు ఎవరో చెప్పారన్నారు. నిజమే, కానీ మొత్తం జీపీఏ, అంటే డిగ్రీ మార్కుల సగటు, 4కి 3.0 ఉన్నా అదే అర్హత వస్తుంది, ఈ సొసైటీలోకి పిలుపు అందుకునే మార్కులున్న పిల్లకు అది ఎలాగూ ఉంటుంది. అందుకని ఆ ఒక్క కారణంతో చేరమని నేను చెప్పను.

నేను చేరమనేది ప్రొఫెసర్ల కోసం. రేపు ఎంఏకో, సోషల్ వర్క్‌కో, లా స్కూల్‌కో అప్లై చేస్తే రికమండేషన్ లెటర్లు కావాలి, వంద మంది క్లాసులో ఏ మార్కులొచ్చినా వెనక బెంచీలో కూర్చుని వచ్చేసిన పిల్ల గురించి ప్రొఫెసర్ ఏం రాయగలరు చెప్పండి? అదే చాప్టర్‌లో సెక్రటరీగా పనిచేసి, బయటి వక్తను పిలిపించి, సొసైటీ పెట్టే విద్యార్థుల పేపర్ పోటీకి తన టర్మ్ పేపర్‌ను దిద్దించుకుని పంపిన పిల్ల గురించయితే రెండు పేజీలు రాస్తారు. రెజ్యూమేలో ఉత్త పేరు ఒక లైనుగా మిగిలిపోతే మాత్రం కట్టిన ఫీజుకు దక్కేది సర్టిఫికెట్టే, ఆ మాట అమ్మాయికి ఇప్పుడే చెప్పండి.

ఇంకో మాటండీ, కొంచెం చనువు తీసుకుంటున్నాను. మీ ఉత్తరంలో ఫీజు గురించి ఉంది, సోషియాలజీ తీసుకుందన్న బెంగ ఉంది, అమ్మాయి సాధించిందన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఆ పిలుపు ఊరికే రాలేదు, మూడేళ్లు కష్టపడి చదివితే వచ్చింది. కొత్త సభ్యుల్ని చేర్చుకునే వేడుకకు చాలా కాలేజీల్లో తల్లిదండ్రుల్ని కూడా రానిస్తారు, తేదీ కనుక్కుని ఆ రోజుకు లీవు పెట్టుకోండి.