ముందు కన్ను, తర్వాతే పుస్తకం

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పిట్టల నోటుపుస్తకం పేజీలు రెండుసార్లు చదివాను. ముక్కు, రెక్కలు, తోక అన్నీ శ్రద్ధగా రాశావు. కన్ను దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి పిట్టకూ ‘నలుపు’ అని రాసి ముందుకు పోయావు. అది చూసి మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పిట్ట కనబడగానే కంటి రంగు చూసి అక్కడికక్కడే రాసుకో. పిట్టల్ని గుర్తుపట్టే బొమ్మల పుస్తకం ఆ తర్వాతే తెరువు. ముందే తెరిస్తే, అందులోని రంగే పిట్టలోనూ కనిపిస్తుంది. నాకు అలాగే జరిగింది. పుస్తకంలో బొమ్మ చూసి ఉన్నాను కనుక, ఒక షిక్రా డేగకు ‘ఎర్రకళ్లు’ అని రాసేశాను. ఇంటికి వచ్చి ఫోటో పెద్దది చేసి చూస్తే పసుపు! బొమ్మలో ఉన్నది మగది, నేను చూసింది ఆడది. నల్లమెడ కొంగల్లోనూ అంతే: ఆడదానికి పసుపు కన్ను, మగదానికి ముదురు గోధుమ రంగు కన్ను. వయసుతోనూ రంగు మారుతుంది. రాత్రి కొంగ పిల్లకు పసుపుగా ఉన్న కన్ను, పెద్దయ్యాక ఎర్రబడుతుంది.

సూర్యుడు నీ వీపు వైపు ఉండేలా నిలబడు. నీడలో గోధుమ రంగు కూడా నలుపులాగే ఉంటుంది. తెల్లకంటి పిట్టతో జాగ్రత్త. ఆ తెలుపు కంటిది కాదు, కన్ను చుట్టూ ఉన్న ఈకలది. రాత్రిపూట గుడ్లగూబ కళ్లలోకి టార్చి మాత్రం ఎప్పుడూ వేయకు. పైడికంటి గుడ్లగూబ పసుపు కళ్లు చూడాలంటే సాయంత్రం వెలుగు ఉండగానే వెళ్లు. దాని పేరులోనే బంగారు కన్ను ఉంది కదా!

దగ్గరగా చూడటం పావురంతో మొదలుపెట్టు. గింజలు ఏరుకునేటప్పుడు కదలకుండా కూర్చుంటే దగ్గరికే వస్తుంది. మధ్యలో నల్లని కంటిపాప, దాన్ని ఆనుకుని సన్నని పసుపు వలయం, అంచుకు పోయేకొద్దీ నారింజ, ఎరుపు. ఆ పసుపు టెరిడిన్లు అనే వర్ణకాల వల్ల, అంటే రంగునిచ్చే పదార్థాల వల్ల వస్తుంది. ఎరుపు మాత్రం వర్ణకం వల్ల కాదమ్మా, లోపలి సన్నని రక్తనాళాలు అలా కనిపిస్తాయి. పసుపు వర్ణకం ఏర్పడని పెంపుడు పావురాల కన్ను ముత్యంలా తెల్లగా ఉంటుంది. ఇన్నేళ్లయినా ఆ కన్ను చూస్తే నాకు కాలు కదలదు.

వచ్చే ఉత్తరంలో పావురం కన్ను ఒక్కటే, పేజీ నిండా గీసి పంపు. బొమ్మ కుదరకపోతే ఏ రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మాటల్లో రాయి. ఎండ ఎటు ఉందో, ఎన్ని గంటలకు చూశావో పక్కన రాయడం మరచిపోకు.

మీ తాతయ్య