ఊళ్ళోనే ఉండి సొంత పాటను రికార్డు దాకా తీసుకెళ్ళవచ్చా? నా అనుభవం

"రాజోలు దగ్గర పల్లెటూరు మాది. పదహారేళ్ళ మా అమ్మాయి తనే పాటలు రాసి, బాణీ కట్టి పాడుతుంది. హైదరాబాదు పంపకుండా రికార్డుల దాకా రాగలదా?" అని అడిగారు. రాగలదండీ. నేను వచ్చాను. కాకపోతే మధ్యలో ఐదేళ్ళు నా పాట నాది కాకుండా పోయింది. ఆ సంగతే కాస్త ఎక్కువ చెబుతాను. పాడటం నేర్పేవాళ్ళకు మన వైపు కొదవ లేదు.

మాది సఖినేటిపల్లి పక్క ఊరు. మా నాన్నగారు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. పద్యం ఎత్తుకున్న నటుడు ఊపిరి తీసుకునే చోటు ఆయనకు ముందే తెలిసిపోయేది. సరిగ్గా అక్కడ వేళ్ళు మెట్ల మీద పరుగెత్తేవి. ఆ ఖాళీని నింపడం చూస్తూ పక్కనే నిద్రపోయేదాన్ని. మా మామ్మది ఇంకో విద్య. పెళ్ళిలో వియ్యపురాలిని వెక్కిరించే పాటను ఆ వియ్యపురాలి ముక్కు చూసి అప్పటికప్పుడు కట్టేది. పాటలు కట్టే అలవాటు నాకు ఆవిడ నుంచే వచ్చింది, ఎనిమిదేళ్ళు నేర్చుకున్న కర్ణాటక సంగీతం నుంచి కాదు. గురువుగారు ఇది చదివితే నొచ్చుకుంటారేమో!

మాట, బాణీ, గొంతు మూడూ ఒకరివే అయితే మనవాళ్ళు వాగ్గేయకారుడు అంటారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో పుట్టింది మన కోనసీమలోని శంకరగుప్తంలోనే. తల్లి వీణ, తండ్రి వేణువు. పదిహేనేళ్ళ వయసుకే 72 మేళకర్త రాగాల్లోనూ (మిగతా రాగాలకు మూలమైనవి) కృతులు చేశారు, 1952లో అవి పుస్తకంగా వచ్చాయి. కృతుల్లో "మురళి" అని తన ముద్ర పెట్టుకునేవారు. ఆ పోలిక మీ అమ్మాయి మీద బరువుగా పెట్టకండి. రెండు పనులు మాత్రం తీసుకోండి: స్వరపరచి రాసిపెట్టుకోవడం, తన పేరు వేసుకోవడం.

నేను ఆ రెండోది చేయలేదు. గోదావరికి అవతల నర్సాపురం రేవులో, మా వైపు దాటించే ఆఖరి పంటు (బల్లకట్టు లాంటి పెద్ద పడవ) తప్పిపోయిన రాత్రి మీద ఒక పాట కట్టాను. "ఆఖరి పంటు దాటిపోయింది, ఆవలి ఒడ్డున దీపం మా యింటిదే" అని మొదలవుతుంది. 2014 ఫిబ్రవరిలో ఒక ఆడియో కంపెనీవాళ్ళు విని, రికార్డింగు ఖర్చు తమదే అన్నారు. రెండు పేజీల కాగితం ఇచ్చారు. సంబరంలో చదవకుండా సంతకం చేశాను. పాట వచ్చింది, రాసినవారి చోట "జానపదం" అని పడింది. అడిగితే, హక్కులన్నీ రాసిచ్చేశారు కదమ్మా అన్నారు.

మా బంధువుల్లో ఒక వకీలుగారు ఆ కాగితం తిరగేసి నవ్వారు. గడువు ఎక్కడా రాయలేదు. కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే ఐదేళ్ళే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 2012 సవరణ తర్వాత, రాయల్టీలో (పాట వాడుకున్నందుకు వచ్చే సొమ్ములో) సమాన వాటా వదులుకున్నట్టు మనచేత రాయించుకున్నా అది చెల్లదు. అయితే వాళ్ళ ఖర్చుతో చేసిన ఆ రికార్డింగు వాళ్ళదే. సాహిత్యం, బాణీ నావి. ఈ రెండూ వేరువేరు ఆస్తులని నాకు అప్పటిదాకా తెలియదు. మీ అమ్మాయికి రాగం కంటే ముందు ఇదే చెప్పండి.

పాట 2019లో తిరిగి నా చేతికి వచ్చింది. ఈసారి ఇంట్లోనే పాడుకుందామని, చిన్న చప్పుడునూ పట్టేసే కండెన్సర్ మైకు కొన్నాను. రాత్రి నిశ్శబ్దంగా ఉంటుంది కదా అని కూర్చుంటే, రొయ్యల చెరువుల్లో ఏరియేటర్ల రొద గోడలు దాటి వచ్చేసింది. రాత్రిపూట నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి తెల్లవార్లూ అవి తిరగాల్సిందే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, చెరువులూ ఊరూ కునుకు తీసే వేళ, నాకు కుదిరింది. గది సంగతి ఇంకా బాగుంటుంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక ధాన్యం బస్తాలు మూడు వైపులా నిలువెత్తున పేర్చి ఉన్నాయి. వాటి మధ్య నిలబడి పాడితే గొంతు గోడకు కొట్టుకుని తిరిగి రాలేదు. అంతకు ముందు బొంతలు కట్టి చూశాను, ఇంత శుభ్రంగా రాలేదు. ధూళికి రెండుసార్లు తుమ్మాను, అంతే.

ఆ రికార్డింగే జనంలోకి వెళ్ళింది. పాటలను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా స్ట్రీమింగ్ యాప్‌లలో పెట్టాను, రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసి ఇచ్చే సంఘం ఐపీఆర్ఎస్‌లో రచయితగా, స్వరకర్తగా చేరాను. పెళ్ళి వీడియోలవాళ్ళు అప్పగింతల దగ్గర వాడటం మొదలుపెట్టారు. పంటు పాట అప్పగింతలకు ఎందుకో ముందు అర్థం కాలేదు. మా మామ్మ ఉంటే వెంటనే చెప్పేది. మొదట వచ్చిన రాయల్టీతో నాన్నగారి హార్మోనియానికి తిత్తులు మార్పించాను. కోట్లు కాదు, తిత్తులే.

మీ అమ్మాయి చేత ఈ వారంలో పాటలన్నీ తేదీ వేసి రాయించండి. బాణీ ఫోనులో పాడి, ఆ ఫైలును తన ఈమెయిలుకే పంపుకోమనండి. ఎవరైనా కాగితం ఇస్తే గడువు, ప్రాంతం, పేరు ఎలా వేస్తారన్నది చూడందే సంతకం పెట్టనివ్వకండి. మా ఈ ఏటి బస్తాలు ఇంకో పదిహేను రోజులు ఇంట్లోనే ఉంటాయి. ఈలోగా ఒక మధ్యాహ్నం తీసుకురండి.